చుక్కలకు రూపమిచ్చిన వొరొనోయ్

ఈ ఏటి సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం కార్యదర్శి మా స్టాఫ్ రూముకి వచ్చి అడిగాడు. లెక్కల మేష్టారు కదా, రామానుజన్ గురించి వ్రాస్తారనుకొని ఉంటాడు. రామానుజన్ గురించి ఇదివరకే చాలామంది వ్రాసారు, ఇక ముందూ వ్రాస్తారు. అందుకని నేను మరొకరిని ఎన్నుకున్నాను. ఆయన పేరు గెయోర్గి వొరొనోయ్. ఈయనది చిత్రమైన కీర్తి. పేరు ప్రపంచమంతా తెలుసు, మనిషి మాత్రం ఎవరికీ తెలియదు. సివిల్ ఇంజనీరింగు వాళ్ళు, జాగ్రఫీ వాళ్ళు, ఫిజిక్సు వాళ్ళు, కంప్యూటర్ల వాళ్ళు అందరూ ఏదో ఒక రూపంలో ఆయన బొమ్మనే గీస్తూ ఉంటారు. ఆయన మాత్రం ఆ ఉపయోగాలలో ఒక్కటీ కళ్ళజూడకుండా, నలభై ఏళ్ళకే వెళ్ళిపోయాడు.

ముందుగా నాకీ మనిషి మీద ఆసక్తి ఎలా కలిగిందో చెప్పాలి. కొంతకాలం క్రిందట మా ప్రాజెక్టు విద్యార్థులు ఒక మట్టి వినాయకుణ్ణి లేజర్ స్కానరు ముందు పెట్టి, చుట్టూ తిప్పి కొలతలు తీసారు. స్కానరు ఇచ్చేది బొమ్మ కాదు, చుక్కల జాబితా. ఒక్కొక్క చుక్కకూ మూడేసి అంకెలు – ఎంత అడ్డం, ఎంత నిలువు, ఎంత లోతు. అలాంటివి సుమారు రెండు లక్షల చుక్కలు వచ్చాయి. తెర మీద దూరం నుంచి చూస్తే సాక్షాత్తూ విఘ్నేశ్వరుడే. దగ్గరకు తెచ్చి చూస్తే చీకట్లో పిండి చల్లినట్టు చుక్కలు, మధ్యన శూన్యం. చర్మం లేదు. గ్రాఫిక్స్ కార్డు ఎంత ఖరీదైనదైనా దాని ప్రధాన విద్య ఒక్కటే: మూడు మూలలు చెబితే ఆ త్రికోణాన్ని రంగుతో నింపుతుంది. సెకనులో కోట్ల త్రికోణాలు నింపుతుంది. కాని ఏ మూడు చుక్కలను కలిపి త్రికోణం చెయ్యాలో దానికి తెలియదు. ఆ మాట మనమే చెప్పాలి.

మన ఆడవాళ్ళు వాకిట్లో చుక్కల ముగ్గు వేసేటపుడు ఏ చుక్కను ఏ చుక్కతో కలపాలో వాళ్ళ చేతికే తెలుసు. కంప్యూటరుకి ఆ చెయ్యి లేదు. మా కుర్రాళ్ళు తమకు తోచిన పని చేసారు – ఇంత దూరంలోపు ఉన్న చుక్కలన్నిటినీ కలిపెయ్యమన్నారు. తొండం పోయి బొజ్జకు అతుక్కుంది! దూరం తగ్గించారు. తొండం విడిపోయింది గాని వీపు నిండా చిల్లులు పడ్డాయి. రెండు వారాలు అవస్థపడ్డాక ఒక కుర్రవాడు ప్యాకేజీలో వొరొనోయ్ అనే పేరున్న పద్ధతి చూసి నడిపితే పని చాలావరకు చక్కబడింది. ఇంతకీ ఈ వొరొనోయ్ ఎవరండీ అని వాడు నన్నడిగాడు. ఆ పేరును బోర్డు మీద ఎన్నిసార్లు వ్రాసానో లెక్కలేదు. కాని జవాబు లేదు నా దగ్గర. సిగ్గేసింది. ఆ సిగ్గులోంచి పుట్టిందే ఈ వ్యాసం.

వొరొనోయ్ 1868 ఏప్రిల్ 28న, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని పోల్టావా ప్రాంతంలో, జురావ్కా అనే పల్లెలో జన్మించాడు. ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. తండ్రి ఫియోదోసీ సాహిత్యం బోధించిన పండితుడు. సాహిత్యం వారింట్లో లెక్కలవాడు పుట్టాడన్నమాట. ప్రిలూకి పట్టణంలో హైస్కూలు చదువుతున్న రోజుల్లో, కీవ్ నగరంలోని యెర్మకోవ్ అనే ప్రొఫెసరు విద్యార్థుల కోసం నడిపే గణిత పత్రికలో బహుపదుల కారణాంకాల మీద ఒక సమస్య ఇచ్చాడు. వొరొనోయ్ దాని మీద పనిచేసి వ్యాసం పంపాడు. అది 1885లో అచ్చయింది. అప్పటికి ఆయన వయస్సు పదిహేడు. ఊళ్ళో కూర్చున్న కుర్రవాడి కాగితాన్ని ఒక పెద్ద మేష్టారు చదివి అచ్చువెయ్యడం ఎంత బలమిస్తుందో మనలో వ్యాసాలు పంపి ఎదురుచూసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

అదే సంవత్సరం సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఇంటి నుంచి వచ్చే కొద్దిపాటి సొమ్ముకు ట్యూషన్ల సంపాదన కలుపుకొని చదువుకున్నాడు. మన హాస్టలు గదులకు తెలియని బ్రతుకేమీ కాదది. ఆయనకు డైరీ వ్రాసే అలవాటుంది. ఆ డైరీలో ఒక సందేహం ఆయన్ను పీడించింది: తనకు గణితమంటే ఇష్టం ఉన్నమాట నిజమే, కాని దానికి చాలినంత ప్రతిభ ఉన్నదా అని. పరీక్షల ముందు మనకు కలిగే అనుమానం లాంటిది కాదిది. జీవితాన్ని ఒక పనికి అప్పగించే ముందు కలిగే అనుమానం. అది పూర్తిగా తీరాకే పని మొదలుపెడదామని ఆయన కూర్చోలేదు.

అక్కడ ఆయనకు మార్గదర్శి ఆంద్రేయ్ మార్కోవ్. స్టాటిస్టిక్సు వాళ్ళు మార్కోవ్ చెయిన్లని చదువుతారే, ఆ మార్కోవే. 1894లో మాస్టరు పట్టా గ్రంథం ముగించి, ఆ ఏడే వార్సా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. 1897లో డాక్టరేటు వచ్చింది. వర్గమూలాలను కంటిన్యూడ్ ఫ్రాక్షన్లుగా విప్పే పద్ధతి లగ్రాంజ్ కాలం నుంచీ ఉంది. ఘనసమీకరణాల మూలాలకు అలాంటి దారి ఏదని పెద్దపెద్దవాళ్ళు వెతికారు. వొరొనోయ్ ఆ దారి వేసాడు. ఈ రెండు గ్రంథాలకూ పీటర్స్‌బర్గ్ అకాడమీవారు బున్యకోవ్‌స్కీ బహుమతి ఇచ్చారు.

ఆయన అచ్చువేసిన వ్యాసాలు బహు కొద్ది. 1903లో వచ్చిన ఒకదాని గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అక్కడ కూడా చుక్కలే ఉన్నాయి. ఒకటి నుంచి ఫలానా సంఖ్య వరకు ప్రతి సంఖ్యకూ ఎన్నేసి భాజకాలున్నాయో లెక్కించి, అన్నిటినీ కూడితే మొత్తం ఎంత? గళ్ళ కాగితం మీద ఒక అతిపరావలయం గీసి దాని క్రింద పడే చుక్కలను లెక్కపెట్టడమూ, ఇదీ ఒకటే. డిరిష్లే 1849లోనే ఒక సూత్రం ఇచ్చాడు. అందులోని పొరపాటు వర్గమూలం స్థాయిలో ఉండేది. వొరొనోయ్ దాన్ని ఘనమూలం స్థాయికి దించాడు, ప్రక్కన ఒక లాగరిథమ్ ఉంటుందనుకోండి. పది లక్షలకు వర్గమూలం వెయ్యి, ఘనమూలం వంద. తేడా ఎంతో చూడండి. వంకర గీతకూ విడివిడి చుక్కలకూ మధ్య ఉన్న బాంధవ్యాన్ని ఆయన అప్పటికే అంత దగ్గరగా చూసాడు.

వార్సాలో ఆయన శిష్యులలో ఒకరు వాట్స్‌వాఫ్ సియర్పిన్‌స్కీ. త్రికోణంలో త్రికోణాలు తొలుచుకుపోయే సియర్పిన్‌స్కీ బొమ్మను కంప్యూటరు క్లాసుల్లో చాలామంది గీసే ఉంటారు. సంఖ్యాశాస్త్రానికి వొరొనోయ్ చేసిన సేవ మీద విశ్వవిద్యాలయం వ్యాస పోటీ పెడితే సియర్పిన్‌స్కీకి బంగారు పతకం వచ్చింది. కాని తన మొదటి వ్యాసం రష్యను భాషలో అచ్చుకావడం ఆ పోలెండు యువకుడికి ఇష్టం లేకపోయింది. అప్పటి పోలెండు జారు చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. పాఠాలు రష్యనులో చెప్పేవారు. మాతృభాషలో చదువు కావాలని 1905లో విద్యార్థులు తరగతులు బహిష్కరించారు. విశ్వవిద్యాలయం మూతపడింది, 1908 దాకా తెరుచుకోలేదు. వొరొనోయ్ కొంతకాలం నొవొచెర్కాస్క్‌లోని పాలిటెక్నిక్‌లో పనిచెయ్యవలసి వచ్చింది. ఉక్రెయిన్ పల్లెలో పుట్టి, రష్యను భాషలో, పోలెండు పిల్లలకు పాఠం చెప్పిన మేష్టారాయన. ఆ గొడవల నడుమ కూడా సియర్పిన్‌స్కీ తన గురువు పద్ధతినే తీసుకొని, వృత్తం లోపల పడే చుక్కల సమస్య మీద 1906లో గొప్ప ఫలితం ప్రకటించాడు. భాష దగ్గర విడిపోయినా లెక్క దగ్గర గురుశిష్యులు విడిపోలేదు.

1904లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో వొరొనోయ్‌కి హెర్మన్ మింకోవ్‌స్కీతో పరిచయమయింది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దాదాపు ఒకే తోటలో తవ్వుతున్నారని అప్పుడు తేలింది. సంఖ్యల గురించిన ప్రశ్నలకు చుక్కల జాలకాలలో జవాబు వెదకడమే ఆ తోట.

ఇక చివరి రెండేళ్ళ మాట. వొరొనోయ్‌ని పిత్తాశయంలో రాళ్ళ జబ్బు పట్టుకుంది. ఇప్పుడైతే చిన్న ఆపరేషనుతో రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. ఆ రోజుల్లో అది ప్రాణాంతకం. మెదడుకు శ్రమ పెట్టవద్దని వైద్యుల ఆంక్ష. ఆయన డైరీలో అప్పటి మాటల సారాంశం ఇది: పని అద్భుతంగా సాగుతున్నది, ఆరోగ్యం అంతకంతకూ దిగజారుతున్నది. చాలాకాలంగా వెతుకుతున్న పద్ధతి ఒకరోజు మొట్టమొదటిసారిగా స్పష్టంగా కళ్ళ ముందు నిలిచింది. ఆ రోజే కడుపునొప్పి విరుచుకుపడి సాయంత్రం పని చెయ్యనివ్వలేదు, రాత్రంతా దాదాపు నిద్ర లేదు. ఒకే రోజు రెండూ. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంచెంసేపు ఊరికే కూర్చున్నాను.

బెర్లిను నుంచి వెలువడే క్రెల్ పత్రికలో ఆయన ఫ్రెంచి భాషలో వ్రాసిన పెద్ద వ్యాసాలు 1908లో వచ్చాయి. చివరి భాగం 1909లో వెలువడింది. అప్పటికి ఆయన లేడు. 1908 నవంబరు 20న వార్సాలో కన్నుమూసాడు. పుట్టిన జురావ్కాలోనే సమాధి చేసారు. రెండు నెలలు తిరగకుండానే మింకోవ్‌స్కీ కూడా, 1909 జనవరిలో, నలభై నాలుగేళ్ళ వయస్సులో పోయాడు. ఆ తోటలో తవ్వే ఇద్దరూ ఒక్క చలికాలంలో వెళ్ళిపోయారు.

ఆ చివరి వ్యాసాలలో ఏముంది? పిండితార్థం చెబుతాను. ఒక ఊళ్ళో పది మంచినీళ్ళ బావులున్నాయనుకోండి. ప్రతి ఇల్లాలూ తన ఇంటికి అన్నిటికన్నా దగ్గరి బావికే వెళుతుంది. ఒక్కొక్క బావికి వచ్చే ఇళ్ళను చుట్టి గీత గీస్తే ఊరు పది ముక్కలవుతుంది. రెండు బావుల మధ్య సరిహద్దు ఆ రెంటికీ సమదూరంలో ఉండే సరళరేఖ. మూడు సరిహద్దులు కలిసే చోట నిలబడినవాడికి మూడు బావులూ సమదూరమే. అంతే, ఇదే వొరొనోయ్ చిత్రం. ఇలాంటి బొమ్మ పదిహేడో శతాబ్దంలో డెకార్ట్ గీసాడు. డిరిష్లే 1850లో రెండు, మూడు కొలతలలో వాడుకున్నాడు. వొరొనోయ్ దాన్ని ఎన్ని కొలతలకైనా సరిపోయే సిద్ధాంతంగా నిలబెట్టాడు. పొరుగు బావులను గీతలతో కలిపితే వచ్చే జంట బొమ్మను కూడా ఆయనే తన జాలకాల కోసం తయారుచేసాడు. ఆయన మనస్సులో బావులూ లేవు, బొమ్మలూ లేవు. వర్గరూపాలనే బీజగణిత సమస్యకు అదొక సాధనం, అంతే.

ఆ జంట బొమ్మను ముందుకు తీసుకుపోయినవాడు బోరిస్ డెలోనే. వార్సాలో వొరొనోయ్‌తో పాటు పనిచేసిన ప్రొఫెసరుగారి అబ్బాయి. చిన్నతనంలో వొరొనోయ్‌ని చూసినవాడు. 1934లో అచ్చయిన తన వ్యాసాన్ని వొరొనోయ్ స్మృతికే అంకితం చేసాడు. అందులోని నియమం బహు సులభం. మూడు చుక్కల గుండా వృత్తం గీయండి. ఆ వృత్తం లోపల వేరే చుక్క ఏదీ లేకపోతే ఆ మూడింటినీ కలపండి, ఉంటే కలపవద్దు. ముగ్గు వేసే చేతికి తెలిసిన రహస్యం లాంటిదే కంప్యూటరుకు అర్థమయ్యే మాటల్లో దొరికింది.

ఉపయోగాలు ఒక్కటొక్కటే వచ్చాయి. 1911లో థీసెన్ అనే అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు వర్షమాపకాల చుట్టూ ఇవే గీతలు గీసి ఒక ప్రాంతపు సగటు వర్షపాతం కట్టాడు. మన ఇంజనీరింగు కాలేజీల్లో హైడ్రాలజీ పరీక్షకు చదివే థీసెన్ బహుభుజులు ఇవే. 1933లో విగ్నర్, సైట్స్ అనే భౌతికశాస్త్రవేత్తలు స్ఫటికంలోని పరమాణువుల చుట్టూ గీసారు. 1975లో షామోస్, హోయీ అనే ఇద్దరు కంప్యూటరు మీద దీన్ని వేగంగా గీసే పద్ధతి చూపారు.

తరువాత గ్రాఫిక్స్ కార్డు వంతు వచ్చింది. ఈ కథ నాకు చాలా ఇష్టం. కళ్ళంలో వడ్ల రాశులు పోసి ఉంటాయి చూసారా, వాటిని ఊహించుకోండి. ప్రతి చుక్క మీదా ఒక్కొక్క రాశి – అన్నీ ఒకే ఎత్తు, ఒకే వాలు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు. రాశులు పెద్దవై ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఇప్పుడు మేడ ఎక్కి నిట్టనిలువుగా క్రిందికి చూడండి. ఏ చోట ఏ రాశి పైకి తేలి ఉందో ఆ రంగే కనబడుతుంది. రాశి శిఖరానికి ఎంత దగ్గరైతే అంత ఎత్తు కదా? కాబట్టి ఏ చోటనైనా కనబడే రంగు అన్నిటికన్నా దగ్గరి చుక్కది! రాశులు కలిసే గీతలే వొరొనోయ్ సరిహద్దులు. ఒకదాని వెనుక ఒకటి ఉన్న వస్తువులలో కంటికి దగ్గరదాన్ని మాత్రం చూపించడానికి గ్రాఫిక్స్ కార్డులో జెడ్-బఫర్ అనే ఏర్పాటుంది. 1974లో ఎడ్విన్ కాట్‌మల్ తన పరిశోధన గ్రంథంలో వివరించినది. 1999లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం బృందం ఈ రెంటినీ జోడించింది. రాశులకు బదులు శంకువులు గీయమన్నారు. లెక్క కట్టమని ఎవరూ చెప్పకుండానే, బొమ్మ గీయడంలోనే లెక్క అయిపోయింది. ఆటల కోసం తయారైన యంత్రం, 1908లో జబ్బుపడ్డ మేష్టారి బొమ్మను కనురెప్పపాటులో గీసేసింది. 2006లో సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయంవారు మరో ఉపాయం చెప్పారు. ప్రతి చుక్కా తన ఉనికిని ముందు దూరపు గళ్ళకు, తరువాత దానిలో సగం దూరానికి, అందులో సగానికి చెప్పుకుంటూ పోతుంది. ఊళ్ళో పుకారు ప్రాకినట్టన్నమాట. గళ్ళన్నీ ఒకేసారి పనిచేస్తాయి గనుక గ్రాఫిక్స్ కార్డుకు అది కొట్టినపిండి.

ఇక మా వినాయకుడి సంగతి. 1998లో నీనా అమెంటా మొదలైనవారు ప్రకటించిన పద్ధతి ఇలా ఉంటుంది. బొమ్మ మీది ప్రతి చుక్క చుట్టూ వొరొనోయ్ గది కట్టాలి. చుక్కలు తగినంత దట్టంగా ఉంటే ఆ గదులు సన్నగా, పొడుగ్గా, చర్మానికి నిటారుగా వస్తాయి. ఒక కొస బొమ్మ కడుపులోకి, మరొక కొస బయటి గాలిలోకి. అంటే అంకెల జాబితాలో ఎక్కడా లేని సంగతి, చర్మం ఎటు తిరిగి ఉన్నదో, గది ఆకారమే చెప్పేస్తుంది. ఆ కొసలను కూడా చుక్కలుగా చేర్చి డెలోనే నియమంతో కలపాలి. తరువాత, మూడు మూలలూ అసలు చుక్కలే అయిన త్రికోణాలను మాత్రం ఉంచుకోవాలి. తొండానికీ బొజ్జకూ మధ్య సందులో ఆ కొసలు కాపలావాళ్ళలా నిలబడతాయి. సందును దాటే త్రికోణం చుట్టూ వృత్తం గీస్తే కాపలావాడు లోపల పడతాడు, త్రికోణం రద్దవుతుంది. తొండం తొండమే, బొజ్జ బొజ్జే. మిగిలిన త్రికోణాలను గ్రాఫిక్స్ కార్డుకిస్తే చర్మం వచ్చేస్తుంది. చుక్కలు పలుచగా పడిన చోట మాత్రం ఏ సిద్ధాంతమూ కాపాడదు. మా వాళ్ళు చెవుల వెనుక మళ్ళీ స్కాను చెయ్యవలసి వచ్చింది.

ఎందుకీ లెక్క, ఇది జీవితంలో ఎక్కడ పనికొస్తుందని తరగతిలో నన్నడుగుతుంటారు. ఎక్కడో ఒకచోట పనికొస్తుందిలే అని నేనూ దాటవేసేవాణ్ణి. వొరొనోయ్ జీవితం చదివాక ఆ జవాబు నాకు నచ్చడం లేదు. పనికొస్తుందనే ఆశతో ఆయన ఆ రాత్రులు మేలుకోలేదు. ఎంత శ్రద్ధగా చేసాడో, అంతవరకే ఆయన చేతిలో ఉన్నది. వర్షమాపకం, స్ఫటికం, తెర మీది వినాయకుడు – ఇవి ఆ శ్రద్ధకు తరువాతివాళ్ళు వెతుక్కున్న ఫలాలు. 1908లో ఆ వ్యాసాలను ఏం ప్రయోజనమని తూచి ఉంటే కాగితం ఖర్చు కూడా దండగనిపించేది. ఇంకొక మాట కూడా చెప్పాలి, ఇది లెక్కల మేష్టారిగా కాదు, పెద్దవాడిగా. ఒళ్ళు పాడుచేసుకొని పనిచెయ్యడం గొప్పదనం కాదు. ఆయనకు మందు లేదు, మనకుంది. కడుపునొప్పి వస్తే హాస్టల్లో పడుకోకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఆయన నూరో వర్ధంతి ఏడాది, 2008లో, ఉక్రెయిన్ ప్రభుత్వ బ్యాంకు ఆయన పేర రెండు హ్రివ్నియాల నాణెం వేసింది. మా లాబులో ఆ మట్టి వినాయకుడు కిటికీ దగ్గర బల్ల మీద ఇంకా ఉన్నాడు. క్రిందటి నెలలో ఎవరో కుర్రాళ్ళు ఆయన పీఠం మీద సుద్దతో పదిహేను చుక్కలు పెట్టి, మధ్యన సరిహద్దులు గీసి, వొరొనోయ్ అని తెలుగులో వ్రాసారు. తుడవవద్దని అటెండరుకు చెప్పాను.